పాపాయికి లేని జబ్బుకి వేడినీళ్ల వైద్యం

ఏటిగట్టుపాలెం, వయా మండపేట
11 ఆగస్టు 1997

చి. హారతికి,

అమ్మమ్మ ముందు దీవించి, ఆపైన కాస్త కోప్పడి రాస్తున్న ఉత్తరం. విశాఖపట్నంలో చర్మవ్యాధుల డాక్టరు చదువు వెలగబెడుతున్నావన్న మాటే గానీ, రెండు నెలలుగా నీ చేతిరాత చూసి ఎరగను. మందుల చీటీలు రాసి రాసి అక్షరాలు మరిచిపోయావేమో. ఫోనుందిగా అంటావు. అది మీ చంద్రరావు తాతయ్య సావిట్లో ఉంది. అందులో మాట్లాడితే వీధిలో మైకు కట్టి మాట్లాడినట్టే.

ఇక్కడి విశేషం ఏంటంటే, ఆ చంద్రరావే, మా తమ్ముడు, చేపల చెరువు తవ్వించాడు. అందరూ తవ్విస్తున్నారని తనూ తవ్వించాడు. వాడు చేసిన పనులన్నిటికీ ఇదొక్కటే కారణం. చెరువు నింపడానికి బోరు వేయిస్తే తొమ్మిదివందల అడుగుల లోతునుంచి వేడినీళ్లు తన్నుకొచ్చాయి. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి. వాసన మాత్రం మురిగిన కోడిగుడ్డు. ఆ నీళ్లే చెరువులోకి వదిలి, చల్లారనివ్వకుండా చేపపిల్లల్ని పోశాడు. పులుసుకి చింతపండు ఒక్కటే తక్కువైంది.

వారం రోజులు ముసుగుతన్ని పడుకుని, ఎనిమిదో నాడు లేచి బోరు పక్కన సిమెంటు తొట్టి కట్టించాడు. "ఇవి మామూలు నీళ్లు కావక్కా, ఖనిజాలున్న నీళ్లు. ఒంటికి మహా మంచివి" అంటున్నాడు. పోస్టుమాన్ బుల్లియ్య సైకిలు తొక్కి పట్టేసిన మోకాళ్లు అందులో నానబెట్టుకుని, హాయిగా ఉందన్నాడు. అప్పటినుంచి ఊళ్లో ఎవరి కాలు ఎక్కడ పట్టేసినా తొట్టికే నడుస్తున్నారు.

ఇక అసలు సంగతి. మన పాపాయి తెలుసుగా, సమారాధన అయినా పెళ్లయినా చుట్టుపక్కల పది ఊళ్లలో గాడిపొయ్యి దగ్గర గరిటె పట్టే మనిషి. ఆవిడకి మోచేతుల మీద, మణికట్ల మీద ఎర్రటి మచ్చలు. వాటి మీద వెండిరేకుల్లాంటి పొట్టు. పదకొండేళ్లుగా ఉన్నాయట. చలి పడితే రెచ్చిపోతాయట. గోకితే ఒక క్షణం స్వర్గం, తర్వాత గంటసేపు నరకమట. ఆ వేడినీళ్లలో దిగవచ్చా? పోతాయా?

ఇది మూడో మనిషికి తెలియకూడదు. అవి వంట చేసే చేతులు. తెలిసిందంటే కార్తీకంలో వనసమారాధన పొయ్యి దరిదాపులకి కూడా ఆవిడని రానివ్వరు. ఆ పొయ్యే ఆవిడ ప్రాణం.

ఆశీస్సులతో, జవాబు రాయకపోతే శాపాలతో,
అమ్మమ్మ అచ్చాయమ్మ


విశాఖపట్నం
19 ఆగస్టు 1997

అమ్మమ్మా,

శాపాలకి భయపడి వెంటనే రాస్తున్నాను. చూడకుండా తేల్చి చెప్పకూడదు గానీ, నువ్వు రాసినదాన్నిబట్టి అది సొరియాసిస్. ఆ గోకుడు గురించి నువ్వు రాసినంత బాగా మా పుస్తకాల్లో కూడా లేదు. పాపాయిగారు నీతో ఎంత చనువుగా చెప్పుకున్నారో!

ముందు ఒక మాట. అది అంటువ్యాధి కాదు. ఆవిడ నిక్షేపంగా వంట చేసుకోవచ్చు. గంధకం, లవణాలు ఉన్న వేడినీళ్లలో నానితే పొట్టు మెత్తబడి రాలుతుంది, దురద తగ్గుతుంది, కీళ్లు కాస్త వదులవుతాయి. అంతవరకే. జబ్బు వేళ్లతో సహా పోదు. వారానికి మూడుసార్లు, పదిహేను నిమిషాలు మించకుండా దిగాలి. ఎక్కువసేపు ఉంటే చర్మం ఎండిపోయి మొదటికే మోసం. పైకి రాగానే తడి ఆరకముందే కొబ్బరినూనె రాసుకోవాలి. పుండ్లున్నవాళ్లు దిగకూడదు. బీపీ ఉన్నవాళ్లకి కళ్లు తిరుగుతాయి, తాతయ్యకి చెప్పు.

ఆ నీళ్లు శుభ్రమైన సీసాలో కొన్ని పంపిస్తే ఇక్కడ పరీక్ష చేయిస్తాను. పాపాయిగారు దిగులు పడుతుంటారని ధైర్యం చెబుతూ ఆవిడకే విడిగా ఒక కార్డు రాసి పడేశాను. చదువు రాకపోయినా ఎవరో ఒకరు చదివిపెడతారుగా.

నీ హారతి


ఏటిగట్టుపాలెం
3 సెప్టెంబరు 1997

హారతీ,

కార్డా! కవరు అనే వస్తువు ఒకటి ఉందని మీ మెడికల్ కాలేజీలో ఇంకా చెప్పలేదా?

చదువు రానివాళ్లకి వచ్చిన ఉత్తరాలు బుల్లియ్యే గుమ్మంలో నిలబడి చదివిపెడతాడు. ముప్పై ఏళ్లుగా అదే ఆనవాయితీ. చెవిటి ముసలమ్మలకి చదివి చదివి వాడి గొంతు కాలవ అవతలికి వినిపించేలా తయారైంది. "పాపాయిగారికి నమస్కారాలు. మీ పదకొండేళ్ల చర్మవ్యాధి గురించి మా అమ్మమ్మ అంతా రాసింది" అని ఎత్తుకున్నాడు. అంటువ్యాధి కాదన్న మాట నువ్వు నాలుగో వాక్యంలో రాశావు. రెండో వాక్యానికే వీధి ఖాళీ.

మర్నాడు సమారాధన సంఘం వీరవేణి నా దగ్గరికి వచ్చింది. పసుపు రాసుకుని వచ్చింది, ముందు జాగ్రత్తగా. "మనకేం పట్టింపు లేదండి. కానీ నలుగురూ తినేది కదండి. ఈసారి వంటకి వేరేవాళ్లని చూస్తున్నామండి" అంది. పాపాయి చేతి పులిహోర కోసం గత ఏడు రెండోసారి విస్తరి వేయించుకున్న మనిషి ఈవిడే.

పాపాయేమో తనకసలు జబ్బే లేదంటోంది. నువ్వది పట్టించుకోకు.

మా తమ్ముడు మాత్రం పండగ చేసుకుంటున్నాడు. వాడి తొట్టికి ఇన్నాళ్లకి ఒక సిసలైన రోగి దొరికింది. నువ్వడిగిన నీళ్లు మండపేట బియ్యం లారీ డ్రైవరుకిచ్చి పంపిస్తున్నాను. ఇంట్లో మూత గట్టిగా ఉన్న సీసా అదొక్కటే. కడిగే పంపాను.

ఇకమీదట నోరు తెరిచి ఉన్న కాగితాలు ఎవరికీ రాయవని ఆశిస్తూ,
అమ్మమ్మ


విశాఖపట్నం
17 సెప్టెంబరు 1997

అమ్మమ్మా,

కార్డు విషయంలో తప్పు నాదే. చెంపలేసుకుంటున్నాను. పాపాయిగారు కాదంటున్నారంటే కంగారుపడకు. జబ్బున్నవాళ్లు మొదట అలాగే అంటారు. కోప్పడకుండా నెమ్మదిగా నచ్చజెప్పు.

నీళ్ల రిపోర్టు వచ్చింది. మా ప్రొఫెసరుగారు అది రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివారు. ఉప్పు ఇంచుమించు సముద్రమంత ఉంది! గంధకం ఉంది. పైపెచ్చు నూనె జాడలున్నాయి. గోదావరి డెల్టాలో భూమి కింద చమురు ఉందిగా, దాని తాలూకేమో అన్నారాయన. విదేశాల్లో ఇలాంటి నీళ్లలో మునగడానికి విమానాలెక్కి వెళతారట.

ఇంకోసారి పరీక్షించేదాకా తాతయ్యకి ఒక్క ముక్క కూడా చెప్పకు. ఈసారి ఆసుపత్రి సీసా పంపుతున్నాను, అందులోనే పట్టి పంపు.

హారతి


ఏటిగట్టుపాలెం
4 అక్టోబరు 1997

చి. హారతికి,

నీ ఉత్తరం బల్లమీద పెట్టి స్నానానికి వెళ్లాను. నేను తిరిగొచ్చేసరికి మా తమ్ముడు 'విమానాలెక్కి వెళతారట' దాకా చదివి, లేచి వెళ్లిపోయాడు. 'చెప్పకు' అన్న ముక్క దాని కిందుంది. ఈ ఊళ్లో ఎవరూ ఏ ఉత్తరమూ చివరిదాకా చదవరు.

మండపేటనుంచి పెయింటర్ని పిలిపించి బోర్డు రాయించాడు. 'సముద్రానికి సాటి, విదేశాలకి పోటీ. చమురు కలిసిన సహజ ఖనిజ స్నానం. సర్వ చర్మవ్యాధులకు' అని. వీరవేణి, ఇంకో అరడజను మంది కలిసి పాపాయిని పెళ్లికూతుర్ని నడిపించినట్టు తొట్టికి నడిపించారు. ముందు చేతులెలా ఉన్నాయో ఎవరూ చూడలేదు, ఏడురోజులు ముంచారు. ఎనిమిదోరోజు చీరకొంగు తప్పించి చేతులు చూస్తే ఏముంది? గాజుపలక. ఒక్క మచ్చ లేదు!

ఎక్కడినుంచి ఉంటుంది?

ఇప్పుడు బోర్డు మీద రెండో పంక్తి ఎక్కింది: 'సాక్షి: పాపాయిగారు. పదకొండేళ్ల వ్యాధి, ఏడురోజుల్లో మాయం.' రామచంద్రపురంనుంచి, రావులపాలెంనుంచి ట్రాక్టర్ల మీద దిగుతున్నారు. బట్టతలాయన ఒకడు రోజంతా శీర్షాసనం వేసినట్టు తల ముంచుకుని కూర్చుంటున్నాడు. ఒకాయన గజ్జి పట్టిన గేదెని తెచ్చాడు. ఆడవాళ్ల వేళ, మగవాళ్ల వేళ అని ముందే పెట్టారు గానీ గేదె వేళ ఎవరికీ తట్టలేదు. పదిహేను నిమిషాలన్న మాట నేను గొంతు చించుకుని చెప్పినా, ఎక్కువ నానితే ఎక్కువ ఫలమని గంటలకి గంటలు ఉండి, ఎండు చేపల్లా చర్మం చిట్లి ఇళ్లకి వెళుతున్నారు. మా తమ్ముడే నలభై నిమిషాలు కూర్చుని, లేచి, కళ్లు తిరిగి బుల్లియ్య మీద పడ్డాడు. ఉత్తరాలు తడిశాయి.

ఇంత జరిగినా పాపాయికి పొయ్యి తిరిగి రాలేదు. "నయమైందండి, కాదనం. మళ్లీ తిరగబెడితేనండి?" అంటుంది వీరవేణి. కార్తీకంలో సమారాధన నవంబరు పదహారో తారీకు, ఆదివారం. కాకినాడనుంచి వంటవాళ్లని మాట్లాడుతున్నారు.

ఇక రాయక తప్పదు. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో పాఠం చెప్పి, అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించినదాన్ని. హారతీ, మచ్చలు పాపాయివి కావు. నావి. నీకు తెలిస్తే మీ అమ్మకి తెలుస్తుంది, మీ అమ్మకి తెలిస్తే ఏడుస్తుంది, ఏడుపు నాకు గిట్టదు. ఉత్తరం రాస్తుంటే ఎదురుగా గుమ్మంలో కూర్చుని పాపాయి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పేరు కావలసివచ్చి దగ్గరున్న పేరు రాశాను. అంతే.

నీ కార్డు వచ్చిన రోజు ఆవిడ నా దగ్గరికి వచ్చి ఏమందో తెలుసా? "పంతులమ్మగారూ, నాకు జబ్బుందంటండి. మీరు రాశారంటండి. ఎక్కడుందో కూడా రాశారా అండి?" అని అడిగింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

నేనూ ఆ తొట్టిలో దిగుతున్నాను, మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు, నువ్వు చెప్పిన పదిహేను నిమిషాలు గడియారం పెట్టుకుని. పొట్టు రాలింది. దురద సగానికి సగం తగ్గింది. ఎరుపు అలాగే ఉంది. ఇది నీ చదువుకి పనికొస్తుందని రాశాను, నా సిగ్గుకి కాదు.

అమ్మమ్మ

తా.క. నువ్వు పంపిన సీసాలో నీళ్లు పట్టి లారీకి ఇచ్చాను.


విశాఖపట్నం
13 అక్టోబరు 1997

అమ్మమ్మా,

నీ ఉత్తరం హాస్టలు మెట్లమీద కూర్చుని చదివాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపు నీకు గిట్టదు కనుక నవ్వాను. పదకొండేళ్లా? మనవరాలు చర్మాల డాక్టరవుతుంటే చర్మం దాచుకున్నావా?

రెండోది ఇంకా ఘోరం. కొత్త సీసా రిపోర్టు వచ్చింది. గంధకం కొద్దిగా, సోడా లవణాలు కొద్దిగా. మంచి నీళ్లే, ఒంటికి హాయినిచ్చే నీళ్లే. కానీ సముద్రం లేదు, చమురు లేదు. అనుమానమొచ్చి పాత సీసా తెచ్చి వెలుతురుకి పెట్టి చూశాను. అడుగున ఆవగింజ ఉంది. మూత లోపల ఎర్రగా ఉంది. వాసన చూశాను.

అమ్మమ్మా, అది ఆవకాయ సీసా! మా ప్రొఫెసరుగారు కళ్లజోడు తుడుచుకుని మరీ చదివింది మన ఇంటి ఆవకాయని. ఆయనకి చెప్పాను. సీసా మూత తీసి ఆయనా వాసన చూశారు. తర్వాత, ఊరినుంచి ఇంకా ఏమైనా సీసాలు వస్తాయా అని అడిగారు.

నీ చేతులకి మందు, వాడే విధానం పార్సిల్లో పంపాను. ఇక పాపాయిగారి సంగతి. నీ మాటవల్ల ఆవిడ పొయ్యి పోయింది. నీ మాటతోనే రావాలి. పదహారో తారీకుకి ఇంకా నెల ఉంది. ఏం చెయ్యాలో నీకు చెప్పేంతదాన్ని కాను.

హారతి


ఏటిగట్టుపాలెం
27 అక్టోబరు 1997

చి. హారతికి,

చెప్పేంతదాన్ని కాదంటూనే చెప్పావు. నా పోలికే.

నిన్న ఆదివారం ఉదయం ఆడవాళ్ల వేళలో తొట్టి దగ్గరికి వెళ్లాను. సుమారు నలభైమంది ఉన్నారు. తొట్టి గట్టెక్కి నిలబడి, క్లాసులో నిశ్శబ్దం చేయించినట్టు చప్పట్లు కొట్టి, "పాపాయికి ఏ జబ్బూ లేదు, ఎప్పుడూ లేదు. జబ్బు నాది. పేరు మార్చి రాసింది నేను. ఇది ఎవరికీ అంటదు" అన్నాను.

అప్పుడు వీరవేణి కళ్లు ఒత్తుకుంది. "చూశారా అండీ పెద్దమనసు! పాపాయి పరువు కోసం జబ్బుని తన మీద వేసుకుంటున్నారండి పంతులమ్మగారు!" అంది. నలభైమందీ నాకు దండం పెట్టారు.

నాకు ఒళ్లు మండింది. జాకెట్టు చేతులు పైకి మడిచి, రెండు మోచేతులూ చూపించాను. చూడండి అన్నాను. చూశారు. ఒక్కసారిగా వెనక్కి జరిగారు. అయిందిరా, నమ్మారు అనుకున్నాను. ఒక ముసలావిడ మాత్రం ముందుకొచ్చి తేరిపార చూసి, "అయ్యో, పాపాయి ఒంట్లోంచి ఈవిడ ఒంట్లోకి దిగిందే! ఒకే నీళ్లు కదా!" అంది.

అంతే. అందరికీ సమాధానం దొరికేసింది. నేను మధ్యాహ్నాలు దిగడం ఎవరో చూశారట. పాపాయి నీళ్లలో వదిలిన జబ్బు నాకు పట్టుకుందట. పట్టుకుంది కాబట్టి పాపాయి ఒంట్లో ఇక లేదట. ఉన్నదంతా నా దగ్గరే ఉందట. కాబట్టి పాపాయి కడిగిన ముత్యమట! వీరవేణి అక్కడికక్కడే కాకినాడ వాళ్లని వద్దనుకుని, "పాపాయీ, పదహారో తారీకు పొయ్యి నీదేనమ్మా" అంది.

నేను నోరు తెరిచాను. శాస్త్రం, అంటువ్యాధులు, నీటి ధర్మాలు, ఎనిమిదో తరగతి పాఠం మొత్తం నాలుక చివరికి వచ్చింది. పాపాయి ముఖం చూశాను. నోరు మూసుకున్నాను.

ఇంటికొచ్చాక పాపాయిని క్షమించమన్నాను. ఆవిడ వక్క నములుతూ, "మీ మచ్చలు నాకు తెలుసండి. గోదావరి పుష్కరాల్లో మీరు తడిబట్టలు మార్చుకుంటుంటే చీర అడ్డం పట్టుకుంది ఎవరనుకున్నారు?" అంది. ఆరేళ్ల కిందటి మాట. మరి ఇన్నాళ్లూ, పొయ్యి పోయినా సరే, చెప్పలేదేంటని అడిగాను. "మీ ఒంటి సంగతి మీరు చెప్పుకోవాలి గానీ, నేను చెబితే ఏం బాగుంటుందండి?" అంది. బెంచీ ఎక్కవలసినదాన్ని నేనే.

ఆవకాయ సంగతి మా తమ్ముడికి చెప్పాను. బోర్డు మీద 'సముద్రం' చెరిపించాడు. 'చమురు' కూడా చెరిపించాడు, ఏడుస్తూ. 'వేడినీళ్లు. పదిహేను నిమిషాలు' అని మాత్రం మిగిలింది. ఆ తొట్టి గురించి రాసిన మొదటి నిజం అది.

అమ్మమ్మ


విశాఖపట్నం
4 నవంబరు 1997

అమ్మమ్మా,

ఇదేం న్యాయం? నువ్వు నిజం చెబితే వాళ్లు ఇంకో అబద్ధం నమ్మారు, నువ్వు ఊరుకున్నావు. ఇప్పుడు సమారాధనలో నిన్ను దూరం కూర్చోబెడతారు. సెలవు పెట్టి వస్తాను. బొమ్మలు చూపించి, అందరికీ అర్థమయ్యేలా చెబుతాను.

హారతి


ఏటిగట్టుపాలెం
17 నవంబరు 1997

చి. హారతికి,

నువ్వు రాకపోవడమే మంచిదైంది. బొమ్మలు చూపిస్తే, వాటిలోంచి దిగిందనేవాళ్లు.

నిన్న సమారాధన. నాకు ఉసిరిచెట్టుకి ఆ చివర విడిగా చాప వేశారు, మర్యాదగానే. "మీకు గాలి బాగా తగులుతుందండి" అంది వీరవేణి. పాపాయి పొయ్యి చుట్టూ తడికలు కట్టించుకుని, "పూర్ణం ఉండలు చుట్టడానికి నాకో మనిషి కావాలండి, నేనే చూసుకుంటాను. లోపలికి ఎవరూ రాకూడదండి, దిష్టి తగులుతుంది" అని ముందే చెప్పేసిందట. ఉదయం ఏడింటికి, ఇంకా ఎవరూ రాకముందే, తడిక వెనక్కి నన్ను లాక్కెళ్లింది.

"ఏంటే ఇది?" అన్నాను.

"చేతులు కడుక్కోండి" అంది.

"పాపాయీ, నలుగురూ తినేది."

"అంటదని గట్టెక్కి అరిచింది మీరే కదండీ. మీ మాట మీరే నమ్మకపోతే ఎలాగండి?"

ముప్పై రెండేళ్లలో ఏ విద్యార్థీ నన్నలా పట్టుకోలేదు. కడుక్కున్నాను. పదకొండేళ్లుగా నలుగురి భోజనంలో నేను చెయ్యి పెట్టలేదే. ఎవరూ వద్దనలేదు, నేనే ఏదో ఒక వంకతో తప్పుకునేదాన్ని. మొదటి ఉండని అటూ ఇటూ తిప్పి తిప్పి చుట్టాను. పాపాయి చూసి, "పరీక్ష రాస్తున్నారా అండీ, త్వరగా కానివ్వండి" అంది. ఆరువందల ముప్పై చుట్టాను. ఆవిడ వేయించింది. వడ్డించింది. నేను మధ్యలో వెళ్లి నా చాప మీద కాసేపు కనిపించి వచ్చి, తడిక సందులోంచి చూస్తూ కూర్చున్నాను.

పొట్టు రాలిన చేతులకి బెల్లం పాకం అంటుకుంటే, హారతీ, దురద గుర్తుకే రాలేదు. నీ మందు గొప్పో, నీళ్లు గొప్పో, బెల్లం గొప్పో నువ్వే పరీక్ష చేసుకో. ఈసారి సీసా పంపను.

వీరవేణి తొమ్మిది బూరెలు తింది. పదోది చేతిలో పట్టుకుని, తడిక దాకా వచ్చి, "పాపాయీ, ఈ ఏడు ఉండలు ఇంత నున్నగా ఎలా వచ్చాయే? ఆ వేడినీళ్లలో నానిన చేతుల మహిమే కదూ?" అంది.

పాపాయి నావైపు చూసింది. నేను తడిక వెనక ఇంకాస్త ఒదిగి కూర్చున్నాను.

"అవునండి," అంది పాపాయి, "ఆ చేతులదేనండి."

నీకు బూరెలు పంపుతున్నాను. మీ ప్రొఫెసరుగారికి కూడా రెండివ్వు.

అమ్మమ్మ అచ్చాయమ్మ